గాజు పెట్టెలో పామైతే సర్టిఫికెట్, వెదురు బుట్టలో పామైతే జైలు: సరీసృపాల పెంపకంపై చట్టం ఏమంటోంది?

నాగుల చవితి మర్నాడు పొద్దున్నే మాకొక ఫోన్ వచ్చింది. చేసింది లా మూడో ఏడు చదువుతున్న విద్యార్థి. "అన్నా, మా ఊరి బస్టాండు దగ్గర పాములాయన్ని ఫారెస్టు వాళ్లు పట్టుకుపోయారు. బుట్టలో నాగుపాము ఉందట. ఏ సెక్షన్ పెడతారు? బెయిలొస్తుందా?" మాకు సగమే తెలుసు. ఆ రోజంతా చట్టం, సవరణలు, రూల్సు ముందేసుకుని కూర్చున్నాం. అలా వెతుకుతుండగానే ఒక వీడియో కంటబడింది. నగరంలో ఒక కుర్రాడు మెడలో బాల్ పైథాన్ వేసుకుని, దానికి సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలో ఓపిగ్గా వివరిస్తున్నాడు. అతను చెప్పినదాంట్లో చట్టం ప్రకారం తప్పేమీ లేదు.

ఒకే చట్టం కింద ఈ రెండు పాముల దారులు ఎందుకు వేరయ్యాయో కార్యకర్తలకూ విద్యార్థులకూ అందుబాటులో ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాం. కేసు మీదపడ్డ రోజున వెతుక్కునే తీరిక ఉండదు.

ముందు అడగాల్సిన ప్రశ్న: ఆ జంతువు ఎక్కడిది?

పాము విషంగలదా కాదా, మచ్చికైందా లేదా, ప్రేమతో పెంచుతున్నారా పొట్టకూటికి ఆడిస్తున్నారా అని చట్టం ముందుగా అడగదు. అది ఏ షెడ్యూల్లో ఉందని అడుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట్లో ఉన్న షెడ్యూళ్లు పెరిగి ఆరయ్యాయి. 2022లో పార్లమెంటు ఆమోదించిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అవి నాలుగయ్యాయి. మొదటిది అత్యధిక రక్షణ ఉన్న జంతువులకు, రెండోది మిగతా రక్షిత జంతువులకు, మూడోది మొక్కలకు. నాలుగోది కొత్తది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటిస్ కింద ఉన్న జాతులను అందులో చేర్చారు. ఈ ఒప్పందంలో భారతదేశం 1976 నుంచి సభ్యురాలు.

మన పొలాల్లో, పుట్టల్లో, చెరువుల్లో కనిపించే సరీసృపాల్లో చాలావరకు మొదటి రెండు షెడ్యూళ్లలో ఉన్నాయి. నాగుపాము, రాచనాగు, కొండచిలువ, రక్తపింజరి, ఉడుము, మొసలి, నక్షత్ర తాబేలు ఇప్పుడు మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. ఎలుకల్ని తిని రైతుకు మేలు చేసే జెర్రిపోతు కూడా అక్కడే. వీటిని ఇంట్లో పెంచుకోవడానికి లైసెన్సు అనేదే లేదు. ఫీజు కట్టినా, పిల్లగా దొరికితే పెంచామన్నా, తాతల నాటి నుంచి ఉందన్నా కుదరదు. సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా వేటే. సరీసృపాల గుడ్లను పాడుచేసినా వేటే. సెక్షన్ 39 ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది ఎలా చేతికొచ్చినా 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలి.

అదృష్టం కలిసొస్తుందని నక్షత్ర తాబేలును ఇంట్లో దాచుకునే మధ్యతరగతి కుటుంబాలు మన పట్టణాల్లో తక్కువేమీ కావు. రాయలసీమ మెట్ట భూముల్లోంచి ఈ తాబేళ్లు సంచుల్లో నగరాలకు, అక్కడి నుంచి విదేశాలకు దొంగచాటుగా పోతుంటాయి. 2019లో వీటిని సైటిస్ మొదటి అనుబంధంలోకి మార్చారు. అంటే అంతర్జాతీయ వ్యాపారం దాదాపు పూర్తిగా మూతపడ్డట్టే. అలాంటి తాబేలు ఉన్న ఇల్లు, నాగుపాము ఉన్న బుట్ట చట్టం దృష్టిలో సమానం. కాకపోతే ఇంటికి తలుపు ఉంటుంది, బుట్ట బస్టాండులో ఉంటుంది.

విదేశీ సరీసృపమైతే

బాల్ పైథాన్ ఆఫ్రికాది. పచ్చ ఇగువానా మధ్య, దక్షిణ అమెరికాలది. రెండూ సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి మన చట్టంలో నాలుగో షెడ్యూల్ కిందికి వస్తాయి. చాలాకాలం ఇలాంటి జంతువులను ఇంట్లో ఉంచుకోవడం గురించి దేశీయ చట్టంలో స్పష్టమైన నిబంధన లేదు. దిగుమతి దశలో మాత్రం కస్టమ్స్, విదేశీ వాణిజ్య నిబంధనలు ఉండేవి. సరిహద్దు దాటి లోపలికొస్తే అడిగే చట్టం బలహీనంగా ఉండేది.

2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సలహాపత్రం విడుదల చేసింది. ఇలాంటి జంతువులున్నవాళ్లు స్వచ్ఛందంగా వివరాలు చెప్పాలంది. ఆరు నెలల్లోపు చెబితే ఆ జంతువు ఎక్కడి నుంచి, ఎలా వచ్చిందో కాగితాలు చూపించనక్కర్లేదంది. ఈ వాక్యం చదువుతున్నప్పుడు మేం కాసేపు ఆగిపోయాం. కాగితం లేకపోవడమే నేరంగా బతికే మనుషుల మధ్య పనిచేస్తున్నవాళ్లం మరి.

2022 సవరణ దీన్ని చట్టంలోకి తెచ్చింది. కొత్త సెక్షన్ 49ఎం ప్రకారం నాలుగో షెడ్యూల్లోని సజీవ జంతువు ఎవరి దగ్గరున్నా వివరాలు తెలిపి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎలా చేయాలో 2024 ఫిబ్రవరి 28న ప్రచురించిన రూల్సు చెబుతాయి. అప్పటికే జంతువు ఉన్నవాళ్లకు ఆరు నెలలు గడువిచ్చారు. ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లు చేతికొచ్చిన 30 రోజుల్లోగా పరివేష్ 2.0 పోర్టల్లో దరఖాస్తు చేయాలి. ఇంకొకరికి ఇచ్చినా, పిల్లలు పుట్టినా, అది చనిపోయినా మళ్లీ తెలపాలి. షాపువాడు ఇచ్చిన బిల్లు రిజిస్ట్రేషన్ కాదు. "విదేశీ జాతి కదా, ఇండియాలో ఫ్రీ" అని అమ్మేవాళ్లు చెప్పే మాట 2023 నుంచి చెల్లదు. బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల సూట్‌కేసుల్లో పాములు, బల్లులు చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో మాటిమాటికీ పట్టుబడుతున్నాయంటే ఆ బిల్లుల వెనక ఏముందో ఊహించుకోవచ్చు.

ఒక జాతి మొదటి లేదా రెండో షెడ్యూల్లోనూ, నాలుగో దాంట్లోనూ ఉంటే ఏమవుతుంది? నక్షత్ర తాబేలు అలాంటిదే. అప్పుడు మొదటి, రెండో షెడ్యూళ్ల నిబంధనలే వర్తిస్తాయని సెక్షన్ 49ఆర్ చెబుతోంది. కాబట్టి పోర్టల్లో నమోదు చేసుకుని దేశీయ జంతువును చట్టబద్ధం చేసుకోలేం.

శిక్షలో తేడా చూడండి. రిజిస్ట్రేషన్ లేని బాల్ పైథాన్ దొరికితే సెక్షన్ 51 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "లేదా" అన్న మాటలోనే తప్పించుకునే దారి ఉంది. కనీస శిక్ష లేదు కాబట్టి సెక్షన్ 54 కింద డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలూ ఉంది. ఆ మొత్తం గరిష్ఠ పరిమితిని 2022లో 25 వేల నుంచి అయిదు లక్షలకు పెంచారు. నాగుపాము మొదటి షెడ్యూల్ జంతువు కాబట్టి నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, దానికి తోడు 25 వేలకు తగ్గని జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరంలో సెక్షన్ 54 రాజీకి తావు లేదు. 2023కు ముందు నాగుపాము రెండో షెడ్యూల్ రెండో భాగంలో ఉండేది. అప్పుడూ కనీస శిక్ష మూడేళ్లే, జరిమానా కింది పరిమితి మాత్రం పదివేలు. పాత కేసులు చూసేవాళ్లు నేరం జరిగిందన్న తేదీని బట్టి పాత షెడ్యూలు వర్తిస్తుందో కొత్తది వర్తిస్తుందో తేల్చుకోవాలి.

బుట్ట మోసేవాళ్లు ఏ జాబితాలో ఉన్నారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాముల కులం వెనకబడిన తరగతుల ఎ-గ్రూపులో ఉంది. రాజస్థాన్‌లో ఇదే పని చేసిన కాల్బేలియాలు షెడ్యూల్డ్ కులం. తమిళనాడులో పాములు పట్టే ఇరులర్లు షెడ్యూల్డ్ తెగ. వృత్తి ఒకటే, ఊరవతల గుడారమూ ఒకటే, జాబితాలు మూడు. అందువల్ల మన దగ్గర పాముల కులపు మనిషిని ఎవరైనా కులం పేరుతో తిట్టి కొడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదు. చాలామంది కార్యకర్తలు ఇది తెలియక ఆ సెక్షన్లతోనే ఫిర్యాదు రాసి, అది నిలబడక నిరాశపడుతున్నారు.

ఇంకో చిక్కు ఉంది. పంబ అనే వాద్యం వాయించే పంబల కులం ఎస్సీ జాబితాలో ఉంది. పాముల, పంబల. రాసేటప్పుడు ఒక అక్షరం అటూ ఇటూ అయితే సర్టిఫికెట్ మారిపోతుంది, దాంతోపాటు హక్కులూ మారిపోతాయి. కేసు చేతికి రాగానే కుల ధ్రువీకరణ పత్రం చూడమని మేం చెప్పేది ఇందుకే.

అటవీ హక్కుల చట్టం ఏమైనా సాయపడుతుందా అని కొందరు అడుగుతుంటారు. పడదు. 2006 నాటి ఆ చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, వన్యప్రాణిని వేటాడే, ఉచ్చువేసి పట్టే హక్కును స్పష్టంగా మినహాయించింది. పైగా పాములవాళ్లు ఒక అడవికి కట్టుబడి బతికినవాళ్లు కాదు, ఊరూరూ తిరిగినవాళ్లు.

మా పరిశోధన కోసం ఒక గుడారాల కాలనీకి మూడేళ్లుగా వెళ్తున్నాం. అక్కడ ఒక పెద్దాయన దగ్గర నాగసరం బుర్ర ఉంది, బుట్టా ఉంది. పాము లేదు. ప్లాస్టిక్ వస్తువులు అమ్ముకుంటాడు. "చట్టం ఎప్పుడొచ్చిందో మాకు తెలవదు నాయనా. మా బావమరిదిని కొట్టినప్పుడు తెలిసింది" అన్నాడు. 2003లో ప్రభుత్వం ఒక అవకాశం ఇచ్చింది. అంతవరకు ప్రకటించని వన్యప్రాణులు, వాటితో చేసిన వస్తువులు ఉన్నవాళ్లు 180 రోజుల్లో ప్రకటించుకోవచ్చంది. ఏనుగు దంతాలు, పులి చర్మాలు గోడకు తగిలించుకున్న బంగళాల వాళ్లకు ఆ గెజిట్ చేరింది. ఆ కాలనీలో దాని మాట విన్నవాళ్లు మాకు ఒక్కరూ తగల్లేదు. 2022 సవరణలో వచ్చిన సెక్షన్ 42ఎ జంతువును స్వచ్ఛందంగా అప్పగించే వీలు కల్పిస్తుంది కానీ, అది యాజమాన్య ధ్రువీకరణ పత్రం ఉన్నవాళ్లకే. పత్రం లేనివాడు అప్పగించడానికి వెళ్తే నేరం ఒప్పుకోవడానికి వెళ్లినట్టు అవుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బుట్టలో పాము సుఖంగా ఉండదు. కోరలు పీకుతారు, కొన్నిసార్లు నోరు కుడతారు, పండగ నాటికి పాలు తాగాలని రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఉంచుతారు. ఆ పాలు దాని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చాలా పాములు ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకవు. దీన్ని సంస్కృతి పేరుతో వెనకేసుకు రావడం మాకిష్టం లేదు. జంతు హింస నిరోధక చట్టం, 1960 కింద ఇలాంటి క్రూరత్వానికి మొదటిసారి విధించే జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే అన్నది వేరే విచిత్రం. అయితే పళ్లెంలో పాలు తెచ్చి బుట్ట ముందు పెట్టినవాళ్లు, పది రూపాయలిచ్చి ఫొటో దిగినవాళ్లు ఏ కేసులోనూ నిందితులుగా ఉండరు.

కులవృత్తిని కాపాడమని మేం అడగడం లేదు. పుట్టుకతో పని అంటగట్టడమే కులమని అంబేడ్కర్ చెప్పిన తర్వాత, బుట్టను వారసత్వంగా పిల్లల చేతికివ్వమని ఎలా అడుగుతాం? పని నేరమైన రోజున ఆ పని చేసేవాళ్లకు ఇంకో పని చూపించాల్సిన బాధ్యత ఎవరిదన్నదే మా ప్రశ్న.

చట్టంలోనే ఉన్న ఒక తలుపు

జవాబు ఉందని తమిళనాడు చూపించింది. ఇరులర్లు ఒకప్పుడు తోళ్ల వ్యాపారానికి పాములు పట్టేవారు. వన్యప్రాణి చట్టం వచ్చింది, 1976లో పాము తోళ్ల ఎగుమతి ఆగింది, వేలాది కుటుంబాల బతుకు ఆగింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో మహాబలిపురం దగ్గర ఇరుల పాములు పట్టేవారి పారిశ్రామిక సహకార సంఘం మొదలైంది. సెక్షన్ 12 ప్రాణరక్షక మందుల తయారీ కోసం పాము విషం సేకరించడానికి అనుమతి ఇవ్వొచ్చంటుంది. ఆ వీలునే వాళ్లు వాడుకున్నారు. అటవీ శాఖ అనుమతించిన సంఖ్య మేరకు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పట్టుకొస్తారు. కొన్ని వారాలు కుండల్లో ఉంచి, విషం తీసి, పొట్ట కింది పొలుసు మీద గుర్తు పెట్టి మళ్లీ వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందుకు వాడే విషంలో పెద్ద భాగం అక్కడిదే. 2023లో ఆ సంఘం సభ్యులు వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ వచ్చింది.

ఈ మందు ఎవరికి కావాలో మనకు తెలుసు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా కట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున్నే నాట్లకు పోయేవాళ్లు, రాత్రి నీళ్లు కట్టేవాళ్లు, నేల మీద పడుకునేవాళ్లు కాటుకు గురవుతారు. పామును గుర్తుపట్టగలిగిన చేతులు అదే ఊళ్ల అంచున ఉన్నాయి. నగరాల్లో ఇళ్లలో దూరిన పాములను పట్టి వదిలే స్వచ్ఛంద సంస్థలు అటవీ శాఖ అనుమతితో పనిచేస్తున్నాయి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అలాంటిదే. అలాంటి గుర్తింపు కార్డు ఉన్న పాముల కులపు మనిషి మా పర్యటనల్లో మాకు కనబడలేదు. సంచార జాతుల కోసం 2022లో కేంద్రం ప్రారంభించిన సీడ్ పథకంలో జీవనోపాధి ఒక భాగం. అయిదేళ్లకు 200 కోట్లు కేటాయించారు. పాములు పట్టే నైపుణ్యాన్ని ఆ పథకంతో, సెక్షన్ 12తో ముడిపెట్టి ఒక్క జిల్లాలోనైనా ప్రతిపాదన పెట్టించవచ్చని మా అభిప్రాయం.

అరెస్టు జరిగినప్పుడు

ఇక ఆ విద్యార్థి అడిగిన ప్రశ్న.

ముందుగా ఏ జాతి పాము అని రాశారో సీజర్ పంచనామాలో చూడండి. శిక్ష మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. "పాము" అని మాత్రమే రాస్తే, ఎవరు గుర్తించారో లేకపోతే, అది వాదించాల్సిన విషయం. పాము చేతిలో దొరికిందని రుజువైతే అది అక్రమమేనని సెక్షన్ 57 ముందే అనుకుంటుంది. కాదని చూపించే భారం నిందితుడిదే. అందుకే ఎక్కడ, ఎవరి దగ్గర, ఎవరి ఎదుట దొరికిందన్న మొదటి మాటలే కీలకం.

రెండోది వాంగ్మూలం. ఇది చాలామందికి తెలియదు. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదని మనం అలవాటుగా అనుకుంటాం. వన్యప్రాణి చట్టం కింద అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధీకృత అటవీ అధికారి నమోదు చేసిన సాక్ష్యం, నిందితుడి సమక్షంలో తీసుకున్నదైతే, తర్వాతి విచారణలో పనికొస్తుంది. సెక్షన్ 50లో 8, 9 ఉపసెక్షన్లు చదవండి. చదువురాని మనిషి వేలిముద్ర వేసే ముందు ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించాలి. కింది స్థాయి సిబ్బంది రాసుకున్న కాగితానికి ఈ విలువ ఉండదు కాబట్టి రాసినవాళ్ల హోదా కూడా చూడాలి.

మూడోది బెయిలు. "వన్యప్రాణి కేసు, బెయిలు రాదు" అని భయపెడతారు. సెక్షన్ 51ఎ లోని కఠిన షరతులు గతంలో ఇదే చట్టం కింద శిక్ష పడ్డవాళ్లకే. మొదటిసారి పట్టుబడ్డవాళ్లకు మామూలు బెయిలు సూత్రాలే వర్తిస్తాయి. 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందుంచాల్సిందే. కస్టడీలో ఉన్న ఎవరికైనా కులంతో, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు చాలు.

నాలుగోది, కోర్టు కేసు స్వీకరించడానికి సెక్షన్ 55 ప్రకారం అధికారం ఉన్న అధికారి ఫిర్యాదు ఉండాలి. లేదా 60 రోజుల నోటీసిచ్చిన పౌరుడి ఫిర్యాదైనా ఉండాలి. పోలీసులే ఛార్జిషీటు వేసి ఊరుకున్న కేసుల్లో ఇది మొదట లేవనెత్తాల్సిన అభ్యంతరం.

ఆత్మరక్షణ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీదికొచ్చిన పామును ప్రాణం కాపాడుకోవడానికి చంపితే, అది సదుద్దేశంతో చేసినదైతే సెక్షన్ 11 ప్రకారం నేరం కాదు. పొలంలో పామును కొట్టిన కూలీ మీద కేసు పెడతామని ఎవరైనా డబ్బులడిగితే ఈ సెక్షన్ చూపించండి.

బస్టాండు పాములాయనకు నాలుగో రోజు బెయిలొచ్చింది. అంతకుముందు ఏ కేసూ లేదు, అదే పనికొచ్చింది. పామును అడవిలో వదిలారని కాగితంలో ఉంది. కోరలు లేని నాగుపాము అడవిలో ఏం తింటుందో ఆ కాగితంలో లేదు. బుట్ట, నాగసరం కేసు ప్రాపర్టీగా స్టేషన్‌లో ఉన్నాయి. నాగసరమైనా ఇప్పించమని ఆ విద్యార్థి పిటిషన్ రాస్తున్నాడు. వాయిదా వచ్చే నెల. కోర్టుకు పోయిరావడానికి ఇద్దరికీ కలిపి బస్సు ఛార్జీ 180 రూపాయలు.